న్యూజెర్సీ కరెంటు బిల్లు: వేలం పాట ఎవరిది, వాత ఎవరికి?

కృష్ణాతీరం | ఆగస్టు 9, 2025, రాత్రి 10.42

మిడిల్‌సెక్స్ కౌంటీలో ఇల్లు కొన్నాక ఇది మూడో వేసవి. జూలై బిల్లు చూసి కాసేపు మాట రాలేదు. ప్రభుత్వం చెప్పిన 30 డాలర్ల క్రెడిట్ తీసివేయక ముందు 298 డాలర్లు. నిరుడు ఇదే నెలలో 204. ఊరి నుంచి అత్తమామలు వచ్చారు, ఏసీ ఎక్కువే నడిచింది, ఒప్పుకొంటాను. కానీ యూనిట్లు 1,040 నుంచి 1,150కి మాత్రమే పెరిగాయి. యూనిట్లు పది శాతం పెరిగితే బిల్లు నలభై ఆరు శాతం పెరగడం ఏమిటి?

కరెంటు కంపెనీకి ఫోను చేసి అడిగితే అవతలి అమ్మాయి చాలా మర్యాదగా, “సరఫరా మీద పంపిణీ కంపెనీకి లాభం ఉండదండీ, వేలంలో వచ్చిన ధరనే వసూలు చేస్తాం” అంది. ఏ వేలం? ఎవరు పాడతారు? అంతమంది పోటీ పడితే ధర తగ్గాలి కదా? తెలిసినవాళ్ళు చెప్పండి. నేను సాఫ్ట్‌వేరు మనిషిని, కరెంటు గురించి నాకు తెలిసింది స్విచ్చి వరకే.

పద్మజ_ఎడిసన్ | రాత్రి 11.05

మీరు ఒక్కరే కాదు. ఫిబ్రవరిలో వేలం ఫలితాలు వచ్చినప్పుడే జూన్ 1 నుంచి ఇళ్ళ బిల్లులు 17 నుంచి 20 శాతం పెరుగుతాయని ప్రకటించారు. నాలుగు పంపిణీ కంపెనీల్లో ఏదీ తప్పించుకోలేదు. మంచు తవ్వుకుంటున్న రోజుల్లో ఏసీ బిల్లు గురించి ఎవరు చదువుతారు?

ఆ 30 డాలర్లు చూసి సంతోషించకండి. జూలై, ఆగస్టుల్లో తగ్గించి, సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నెలకు 10 చొప్పున తిరిగి వసూలు చేస్తారు. అది వాయిదా. సెప్టెంబరు, అక్టోబరుల్లో 50 చొప్పున వచ్చే 100 డాలర్లు మాత్రం నిజంగా మనవే.

లెక్కల మాస్టారు | ఆగస్టు 10, ఉదయం 7.20

కొన్నేళ్ళు ఒక సరఫరా కంపెనీలో రిస్కు లెక్కలు చూశాను కాబట్టి కొంత చెప్పగలను. కాఫీ పక్కన పెట్టుకుని చదవండి.

న్యూజెర్సీలో కరెంటు అమ్మకాన్ని, తీగలను విడదీసిన చట్టం 1999 ఫిబ్రవరిలో వచ్చింది. తీగలు, స్తంభాలు, మీటర్లు పాత కంపెనీలవే: పీఎస్ఈఅండ్‌జీ, జేసీపీఅండ్‌ఎల్, అట్లాంటిక్ సిటీ ఎలక్ట్రిక్, రాక్‌ల్యాండ్ ఎలక్ట్రిక్. వాటికి పోటీ లేదు. మన వీధిలో రెండో వరుస స్తంభాలు ఎవరూ పాతరు. ఆ తీగల్లో వచ్చే కరెంటును మాత్రం లైసెన్సు ఉన్న ఏ కంపెనీ నుంచైనా కొనుక్కోవచ్చు. ఎవరినీ ఎంచుకోనివాళ్ళ సంగతేమిటి? ఇళ్ళలో అత్యధికులు వాళ్ళే. వాళ్ళ కోసం పంపిణీ కంపెనీయే టోకున కొని, కొన్న ధరకే ఇవ్వాలి. ఆ టోకు కొనుగోలే మీరు అడిగిన వేలం. దీన్ని బీజీఎస్ (బేసిక్ జనరేషన్ సర్వీస్) అంటారు. 2002 నుంచి ఏటా ఫిబ్రవరిలో నాలుగు కంపెనీలకూ కలిపి ఒకేసారి జరుగుతుంది. నెరా అనే ఆర్థిక సలహా సంస్థ నడుపుతుంది. రాష్ట్ర నియంత్రణ మండలి బీపీయూ రెండు పనిదినాల్లో ఆమోదించాలి, లేకపోతే ఫలితం చెల్లదు.

ఇది పొగాకు వేలంలా పైకి పోయే పాట కాదు. మన చిట్టీ పాటలా కిందికి దిగుతుంది. అవసరమైన సరఫరాను సుమారు వంద మెగావాట్ల వాటాలుగా చేస్తారు. నడిపేవాళ్ళు ముందు కావాలనే ఎక్కువ ధర చెప్పి, ఈ ధరకు ఎన్ని వాటాలు ఇస్తారని అడుగుతారు. ఒక కంపెనీకి 28 వాటాలు కావాలనుకోండి, 60 ఇస్తామని ముందుకొస్తే ధర ఒక మెట్టు దిగుతుంది. మళ్ళీ అడుగుతారు. కొందరు తప్పుకొంటారు, కొందరు అక్కడ ఆపి పక్క కంపెనీ వాటాలకు మారతారు. అడిగినన్ని వాటాలే మిగిలినప్పుడు పాట ఆగుతుంది. గెలిచినవాళ్ళందరికీ ఆఖరి ధరే. పాట నడుస్తున్నంతసేపు ఎదుట ఎవరున్నారో ఎవరికీ తెలియదు. మొత్తం ఒక్కరే దోచుకుపోకుండా ఒక్కొక్కరికి పరిమితి ఉంటుంది.

ఇక వాళ్ళు అమ్మేది ఏమిటన్నది అసలు సంగతి. అది వంద మెగావాట్ల కరెంటు కాదు. ఆ కంపెనీ వినియోగదారుల వాడకంలో ఇంత శాతం, అది ఎంతైనా సరే, మూడేళ్ళపాటు. పెళ్ళికి విస్తరికి ఇంత అని వంట ఒప్పుకున్నట్టు. ఎంతమంది వస్తారో తెలియదు. సరుకుల ధర మండిపోయిన రోజునే బంధువులంతా దిగుతారు. ఎండలు ముదిరితే వాడకం పెరుగుతుంది, టోకు ధర కూడా అదే గంటలో పెరుగుతుంది. జనం వేరే కంపెనీలకు వెళ్ళిపోతే తెచ్చిన సరుకు మిగిలిపోతుంది. ఈ భయమంతా ధరలో కలిపే పాడతారు. నా ఉద్యోగమే ఆ భయానికి సెంట్లలో వెల కట్టడం.

విశ్రాంత డీఈ | ఉదయం 9.48

మాస్టారూ, వంట ఉపమానం బాగుంది. నేను విద్యుత్ బోర్డులో చేరి ట్రాన్స్‌కోలో దిగినవాణ్ని. ప్రస్తుతం అబ్బాయి దగ్గర మన్రోలో ఉన్నాను. మీరు 1999 ఫిబ్రవరి అనగానే నవ్వొచ్చింది. సరిగ్గా ఆ నెల 1వ తేదీనే మా ఏపీఎస్ఈబీని జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీల్చారు. మరుసటి ఏడాది డిస్కంలు వచ్చాయి. అక్కడా ఇక్కడా ఒకే గాలి వీచింది. కాకపోతే అక్కడ విడదీసి ఆగారు, ఇంటి మీటరు దాకా పోటీ రాలేదు.

ఒక సందేహం. ఇక్కడి కంపెనీల సొంత విద్యుత్ కేంద్రాలు ఏమయ్యాయి?

లెక్కల మాస్టారు | ఉదయం 10.15

డీఈ గారూ, కొన్నింటిని అమ్మేశారు, కొన్నింటిని అనుబంధ సంస్థలకు బదిలీ చేశారు. ఆయిస్టర్ క్రీక్ అణు కేంద్రం 2000లో కోటి డాలర్లకు చేతులు మారింది. కోటి! ఇప్పుడు ఎడిసన్‌లో ఆ డబ్బుతో పెద్ద ఇళ్ళు పది వస్తాయేమో. ఆ కేంద్రం 2018లో మూతపడింది.

సందేహాల సుందరం | ఉదయం 11.30

మీరంతా వేలాన్ని ముద్దు చేస్తున్నారు కానీ, ఇది పోటీ పేరుతో జరిగే ఉమ్మడి కొనుగోలు. ఏడాదికి ఒక్కసారి, ఒకే వారంలో, నాలుగు కంపెనీలకూ కలిపి కొంటారు. ఆ వారం కరెంటు తయారుచేసే గ్యాసు ధర ఎక్కువగా ఉంటే మూడేళ్ళు అనుభవించాలి. నేను 2010లో బయటి సరఫరాదారుకు మారాను, రెండేళ్ళు హాయిగా తక్కువ కట్టాను. ఎంచుకునే హక్కు ఇచ్చింది వాడుకోవడానికే. కూరగాయలు నాలుగు కొట్లు తిరిగి కొంటారు, కరెంటు మాత్రం ఎవరో కొని పెట్టాలా?

పద్మజ_ఎడిసన్ | మధ్యాహ్నం 12.10

సుందరం గారూ, 2014 జనవరి కూడా చెప్పండి మరి. ధ్రువపు చలి దిగినప్పుడు నేను కూడా బయటి సరఫరాదారు దగ్గరే ఉన్నాను. మొదటి ఏడాది స్థిర ధర. తరువాత “మార్కెట్‌ను బట్టి మారే ధర” అని ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉందట. ఫిబ్రవరిలో వచ్చిన బిల్లు అంతకు ముందు నెలకు రెండింతలు పైనే. ఆ కూరగాయల కొట్టువాడు నా సంచి మోసుకుని ఇంటికే వచ్చి, మరుసటి ఏడాది నేను అడగకుండానే ధర మార్చి వేశాడు.

లెక్కల మాస్టారు | మధ్యాహ్నం 1.02

ఇద్దరూ చెప్పింది నిజమే. రెండూ ఒకే కథలో రెండు భాగాలు.

పీఎస్ఈఅండ్‌జీ వేలం ధర 2008లో యూనిట్‌కు 11.15 సెంట్లు. గ్యాసు శిఖరాన ఉన్న ఏడాది. తరువాత పెన్సిల్వేనియా షేల్ గ్యాసు వచ్చిపడింది, 2012 వేలంలో 8.39కి దిగింది. అయితే ఏటా మూడో వంతు సరఫరానే కొత్తగా కొంటారు, మిగతా రెండు వంతులు పాత ఒప్పందాలు, మనం కట్టేది ఈ మూడింటి సగటు. అంటే టోకు ధర పడిపోయినా మన బిల్లు రెండు మూడేళ్ళు ఆలస్యంగా దిగుతుంది. ఆ సందులోకి బయటి సరఫరాదారులు వచ్చారు. వాళ్ళ నెత్తిన 2008 ఒప్పందం లేదు, అందుకే చౌకగా ఇవ్వగలిగారు. సుందరం గారి రెండేళ్ళు అవే. అందులో వాళ్ళ తెలివి కన్నా మన సగటు లెక్కలోని ఆలస్యమే ఎక్కువ.

2014 జనవరి 7న మన ప్రాంతపు గ్రిడ్డు పీజేఎం పరిధిలో 22 శాతం ఉత్పత్తి సామర్థ్యం పడకేసింది. బొగ్గు కుప్పలు గడ్డకట్టాయి, గ్యాసు కేంద్రాలకు గ్యాసు అందలేదు. టోకు ధర ఆకాశానికి వెళ్ళింది. మూడేళ్ళ సగటు కింద ఉన్న ఇళ్ళకు ఆ దెబ్బ తెలియలేదు. మారే ధర ఒప్పందాల్లో ఉన్నవాళ్ళు నేరుగా దాని కింద నిలబడ్డారు.

ఆ మూడేళ్ళ సగటు ఒక గొడుగు. గొడుగుకు బరువు ఉంటుంది. ఎండలో మోయాలంటే విసుగు, అంతే.

సందేహాల సుందరం | మధ్యాహ్నం 1.20

గొడుగు సరే, మరి ఈ జూన్‌లో ఎందుకు తడిశాం? మూడో వంతే కొత్తది అంటున్నారు. ఆ మూడో వంతుతో మొత్తం బిల్లు 20 శాతం పెరగాలంటే కొత్త వాటా ధర ఎంత పెరిగి ఉండాలి? సరఫరా భాగం బిల్లులో సగానికి పైగా అనుకుందాం. లెక్క వేయండి. కుదరదు.

కృష్ణాతీరం | మధ్యాహ్నం 1.41

నాకూ అదే అర్థం కాలేదు.

లెక్కల మాస్టారు | మధ్యాహ్నం 2.05

పాత ఒప్పందం చౌకది పోయి దాని స్థానంలో ఖరీదైనది వచ్చింది. అంతే అనుకుంటాను.

నిశాచరి | ఆగస్టు 11, తెల్లవారుజామున 2.37

అంతే కాదు మాస్టారూ. వేలం నిబంధనల పత్రాలు చదివే రోగం నాకుంది, చెబుతాను.

కరెంటు ధరలో యూనిట్ల వెల ఒకటి, “కెపాసిటీ” అనే అద్దె ఒకటి. అత్యంత ఉక్కగా ఉండే రోజున పిలిస్తే పలికేలా సిద్ధంగా ఉన్నందుకు విద్యుత్ కేంద్రాలకు ఇచ్చే డబ్బు అది. దాన్ని తేల్చేది న్యూజెర్సీ కాదు. 13 రాష్ట్రాలు, వాషింగ్టన్ నగరం కలిసిన పీజేఎం గ్రిడ్డు దాని కోసం వేరే వేలం వేస్తుంది. మామూలుగా మూడేళ్ళ ముందే జరగాలి. కానీ నిబంధనల మీద గొడవలతో ఆ వేలాలు వాయిదా పడుతూ వచ్చాయి. 2025 జూన్‌లో మొదలయ్యే ఏడాదికి పాట 2024 జూలైలో గానీ జరగలేదు.

అంటే 2023, 2024 ఫిబ్రవరుల్లో బీజీఎస్ పాడినవాళ్ళకు 2025 కెపాసిటీ అద్దె ఎంతో తెలియదు. తెలియనిదానికి ధర వేయమంటే భయపడి బోలెడు కలుపుకొంటారు. అందుకని బీపీయూ ఒక ఊహా ధర నిర్ణయించి, అసలు ధర తేలాక తేడా సర్దుతామని చెప్పింది. అసలు ధర తేలింది: పీజేఎం మొత్తం మీద చూస్తే అంతకు ముందు ఏడాది మెగావాట్‌కు రోజుకు 28.92 డాలర్లు, ఇప్పుడు 269.92. తొమ్మిది రెట్లు. ఆ పెంపు కొత్త మూడో వంతు మీదే కాదు, ఊహా ధరకూ అసలు ధరకూ ఉన్న తేడా రూపంలో పాత రెండు వంతుల మీద కూడా పడింది. గొడుగులో ఆ ఒక్క గుడ్డ ముక్క ముందే కత్తిరించి ఉంది.

విశ్రాంత డీఈ | ఉదయం 6.50

ట్రూఅప్ చార్జీలు! అనుకుంటూనే ఉన్నాను. ఏళ్ళ తరబడి మా ఊళ్ళో జనం మమ్మల్ని తిట్టింది దీనికే. “ఎప్పుడో కాల్చిన కరెంటుకు ఇప్పుడు సర్దుబాటు ఏమిటండీ” అని కార్యాలయానికి వచ్చి అడిగేవారు. మా దగ్గర అది బిల్లులో విడిగా ఒక గీతగా కనిపించేది, కోపానికి చిరునామా ఉండేది. ఇక్కడ ధర లోపల కలిపేశారు.

పద్మజ_ఎడిసన్ | ఉదయం 8.15

తొమ్మిది రెట్లు ఎందుకు పెరిగింది? మనం తొమ్మిది రెట్లు వాడలేదు కదా.

నిశాచరి | ఉదయం 8.40

పాత కేంద్రాలు మూతపడుతున్నాయి, కొత్తవి గ్రిడ్డుకు కలవడానికి వరుసలో ఏళ్ళు నిలబడుతున్నాయి, చలికాలం అనుభవాల తరువాత గ్యాసు కేంద్రాల సామర్థ్యానికి ఇచ్చే మార్కులు తగ్గించారు. అన్నిటికన్నా డేటా కేంద్రాలు. ఆ వేలంలో మొత్తం ఖర్చు 220 కోట్ల డాలర్ల నుంచి 1,470 కోట్లకు వెళ్ళింది. అందులో 930 కోట్లు, అంటే 63 శాతం, ఇప్పుడున్నవీ రాబోయేవీ కలిపి డేటా కేంద్రాల గిరాకీ వల్లే అని పీజేఎం స్వతంత్ర మార్కెట్ పర్యవేక్షకులు లెక్క తేల్చారు. వర్జీనియాలో లౌడన్ కౌంటీ వైపు వెళితే కిటికీలు లేని ఆ కట్టడాలు మైళ్ళ కొద్దీ కనిపిస్తాయి. ఆష్‌బర్న్‌లో మనవాళ్ళ ఇళ్ళ మధ్యనే ఉన్నాయి.

గత నెల తరువాతి ఏడాది పాట కూడా అయింది: 329.17. అది కూడా పెన్సిల్వేనియా గవర్నరు ఫిర్యాదు చేసి గరిష్ఠ పరిమితి పెట్టించబట్టి అక్కడ ఆగింది. సరిగ్గా పరిమితి దగ్గరే ఆగింది.

సందేహాల సుందరం | ఉదయం 9.02

నా ప్రశ్నకు జవాబు దొరికింది. ఒక్క మాట వెనక్కి తీసుకుంటాను: ఫిబ్రవరి వేలం మీద పెట్టిన తప్పు సగం దానిది కాదు. కానీ అప్పుడు “లాభం లేదు, వేలం ధరే” అని ఫోనులో చెప్పడం కూడా సగం నిజమే. ఆ వేలంలో గెలిచేవాళ్ళలో పంపిణీ కంపెనీల అనుబంధ సంస్థలు కూడా ఉండవచ్చు కదా?

లెక్కల మాస్టారు | ఉదయం 9.30

నిశాచరి గారికి నమస్కారం, నా తొందర ఒప్పుకొంటున్నాను. ఊహా ధర సంగతి నేను ఉద్యోగం మానేశాక వచ్చింది.

సుందరం గారూ, అవును, ఉండవచ్చు, గతంలో గెలిచాయి కూడా. అందరితో పాటు పాడాలి, పాట లోపలి సమాచారం అందకూడదు. తల్లి కంపెనీ తీగల మీద సంపాదిస్తుంది, పిల్ల కంపెనీ కరెంటు మీద సంపాదిస్తుంది. చట్టం దీన్ని తప్పు అనలేదు.

ఇంకొకటి. ఈ మూడేళ్ళ సగటు ఇళ్ళకూ చిన్న వ్యాపారాలకే. 500 కిలోవాట్లు దాటిన పెద్ద వినియోగదారులకు యూనిట్ల ధర గంట గంటకూ మారుతుంది. అందుకే వాళ్ళలో అధికులు బయటి సరఫరాదారులతో ఒప్పందం చేసుకుంటారు. వాళ్ళకు ఆ పనికే ఒక మనిషి ఉంటాడు.

ఫ్రిస్కో_శేఖర్ | ఉదయం 11.11

న్యూజెర్సీ వాళ్ళు అదృష్టవంతులు, ఎంచుకోకపోయినా దీపం వెలుగుతుంది. మా టెక్సాస్‌లో 2002 నుంచి పోటీ ఉన్న ప్రాంతాల్లో ఎవరో ఒకరిని ఎంచుకోవాల్సిందే. మా కోసం వేలం పాడేవాళ్ళు లేరు. తమాషా ఏమిటంటే ఫ్రిస్కోలో కొన్ని కాలనీలకు ఆన్‌కార్ తీగలు, కొన్నిటికి కోసర్వ్ అనే సహకార సంఘం తీగలు. సహకార సంఘం వైపు ఇల్లు కొంటే ఎంపిక లేదు. రోడ్డుకు ఇటు పక్క నేను వంద పథకాలు చదువుతుంటే, అటు పక్క మా బావగారు హాయిగా నిద్రపోతారు.

పథకాల సంగతి చెప్పనా? ఒకదానిలో నెలకు 1,000 యూనిట్లు దాటితే వంద డాలర్ల తగ్గింపు. 990 వాడామో, వంద పోయినట్టే. నెలాఖరున మా ఆవిడ ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికిందంటే నమ్మండి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టోకు ధర మెగావాట్-గంటకు 9,000 డాలర్ల దగ్గర రోజుల తరబడి నిలిచింది, అంటే యూనిట్ 9 డాలర్లు. టోకు ధరకే ఇస్తామన్న ఒక పథకంలో ఉన్నవాళ్ళకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి.

నిర్వాహకుడు | మధ్యాహ్నం 12.00

ఇప్పుడే ఒక సభ్యుడు ఒక సరఫరా కంపెనీ సిఫార్సు కోడ్ పెట్టారు, తొలగించాను. ఈ చర్చ కిందనే ఆ పని చేసినందుకు ఆయన ధైర్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేను.

లెక్కల మాస్టారు | మధ్యాహ్నం 12.45

కృష్ణాతీరం గారూ, ఈ హడావుడిలో మీ అసలు ప్రశ్న మరిచిపోయాం. నిన్న రాత్రి మీ అంకెలు మళ్ళీ చూశాను. నిరుడు 1,040 యూనిట్లకు 204 డాలర్లు, అంటే యూనిట్‌కు 19.6 సెంట్లు. ఈసారి 1,150కి 298, అంటే 25.9. పెంపు 32 శాతం. రాష్ట్రంలో ప్రకటించింది 17 నుంచి 20. ఇక్కడా శ్లాబులు ఉన్నాయి, కొన్ని కంపెనీలకు వేసవిలో 600 యూనిట్లు దాటితే ధర కొంచెం ఎక్కువ. అయినా ఇంత తేడా రాదు. యూనిట్‌కు దాదాపు మూడు సెంట్లు ఎక్కడి నుంచో అదనంగా వస్తున్నాయి.

బిల్లు లోపలి పేజీల్లో “సరఫరా” అనే భాగం తీయండి. అక్కడ ఎవరి పేరు ఉంది?

కృష్ణాతీరం | సాయంత్రం 6.30

మాస్టారూ, మూడో పేజీలో ఎప్పుడూ వినని ఒక కంపెనీ పేరు ఉంది. ఎవరో మా ఖాతా దొంగిలించారని కంగారుపడి మా ఆవిడను పిలిచాను. తను కాసేపు ఆలోచించి, “నిరుడు వసంతంలో కిరాణా కొట్టు ముందు బల్ల వేసుకుని కూర్చున్నారు కదా, 50 డాలర్ల గిఫ్ట్ కార్డు ఇచ్చారు, నువ్వే సంతకం పెట్టావు” అంది. గుర్తొచ్చింది. ఆ కార్డుతో ప్రెషర్ కుక్కర్ కొన్నాం. ఈమెయిల్లో వెతికితే ఒప్పందం దొరికింది: పన్నెండు నెలలు స్థిర ధర, తరువాత మారే ధర. పన్నెండు నెలలు ఈ ఏప్రిల్‌తో అయిపోయాయి.

పద్మజ_ఎడిసన్ | సాయంత్రం 6.44

కుక్కర్ ఎన్ని లీటర్లు?

కృష్ణాతీరం | సాయంత్రం 6.46

అయిదు.

లెక్కల మాస్టారు | సాయంత్రం 7.15

1,150 యూనిట్లకు ఆ మూడు సెంట్ల చొప్పున, ఆ గిఫ్ట్ కార్డులో దాదాపు 34 డాలర్లు జూలై ఒక్క నెలలోనే వాళ్ళకు తిరిగి కట్టేశారు. మూడు పనులు చేయండి. ఒప్పందంలో రద్దు రుసుము ఉందేమో చూడండి. స్థిర గడువు ముగిసింది కాబట్టి ఉండకపోవచ్చు. బిల్లులోనే “పోల్చుకోవాల్సిన ధర” అని పంపిణీ కంపెనీ ధర ఉంటుంది, దాని పక్కన మీ ధర పెట్టి చూడండి. ఆ తరువాత పంపిణీ కంపెనీకి ఫోను చేసి మామూలు సరఫరాకు తిరిగి వస్తానని చెప్పండి. మీటరు రీడింగ్ తేదీ నుంచి మారుతుంది, దీపాలు ఆగవు.

మీ ఊరి మునిసిపాలిటీ ఇళ్ళన్నిటికీ కలిపి కొనే పథకం ఏదైనా పెట్టిందేమో కూడా కనుక్కోండి. 2003 చట్టం కింద అలా చేయవచ్చు. అందులో వద్దని చెప్పనివాళ్ళంతా చేరినట్టే లెక్క, కాబట్టి ఊరి నుంచి వచ్చిన ఉత్తరాన్ని ప్రకటన కాగితం అనుకుని పారేయకండి.

సందేహాల సుందరం | సాయంత్రం 7.40

బయటి సరఫరాదారు అంటేనే మోసం కాదు. క్యాలెండరులో గడువు తేదీ రాసుకోండి చాలు. నేను రాసుకుంటాను.

విశ్రాంత డీఈ | రాత్రి 8.20

కృష్ణాతీరం గారూ, మా అబ్బాయి బిల్లు కూడా ఇప్పుడే తీయించి చూశాను. సరఫరా దగ్గర పంపిణీ కంపెనీ పేరే ఉంది. కోడలు మాత్రం ఏసీ 78 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర పెట్టింది. నేను వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను.

కృష్ణాతీరం | ఆగస్టు 12, ఉదయం 10.05

ఫోను చేశాను. ఈ నెల 27న మీటరు రీడింగ్, అప్పటి నుంచి మామూలు సరఫరా. రద్దు రుసుము లేదు. మొన్నటి అమ్మాయే ఎత్తింది. “ఆ రోజే ఎందుకు చెప్పలేదండీ” అని అడిగితే, “మీరు వేలం గురించి అడిగారు సార్” అంది.